డీఎక్స్7, ఎఫ్ఎం సింథ్: అపోహలు - వాస్తవాలు

పాత కీబోర్డులు వాయిస్తాను, బాగుచేస్తాను. 1983లో యమహా తెచ్చిన డీఎక్స్7 అనే డిజిటల్ సింథసైజర్ (సింథ్) గురించి అడిగినన్ని ప్రశ్నలు ఇంకే కీబోర్డు గురించీ నన్ను అడగరు. ఎక్కువగా వినే మాటలివి.

అపోహ: డిజిటల్ కదా, శబ్దంలో ప్రాణం ఉండదు.

వాస్తవం: ఇలా అన్నవాళ్లకు ‘ఈ పియానో 1’ (ఎలక్ట్రిక్ పియానో) అనే ప్యాచ్, అంటే అందులో దాచిన ఒక సౌండ్, పెట్టి, ఒకే కీని రెండుసార్లు నొక్కమంటాను. మెల్లగా నొక్కితే మెత్తగా, గుండ్రంగా పలుకుతుంది. గట్టిగా కొడితే అదే స్వరం ‘టింగ్’మని మొదలవుతుంది, చెంచాతో గాజు గ్లాసు తాకించినట్టు. ఆ ప్యాచ్‌లో ఒక ఆపరేటర్ (ఒక్క తరంగాన్ని పుట్టించే భాగం) మూలస్వరానికి 14 రెట్ల వేగంతో కంపిస్తూ ఇంకో ఆపరేటర్‌ను కుదుపుతుంది. వేలి బలాన్ని బట్టి ఆ కుదుపు పెరుగుతుంది. అంటే వాల్యూమే కాదు, నాదం స్వభావమే మారిపోతుంది. నేను ఈ వాద్యాన్ని ఇన్నేళ్లుగా వదలకపోవడానికి కారణం ఇదొక్కటే.

అపోహ: రికార్డు చేసిన శబ్దాలనే వినిపిస్తుంది.

వాస్తవం: లోపల ఒక్క రికార్డింగ్ కూడా లేదు. నున్నటి సైన్ తరంగాలు పుట్టించే ఆరు ఆపరేటర్లు, వాటిని కలిపే 32 పద్ధతులు (అల్గారిథమ్‌లు), అంతే. గాయకుడి వైబ్రాటో సెకనుకు ఐదారుసార్లు ఊగుతుంది. 1967లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ అనే స్వరకర్త ఆ ఊపు వేగాన్ని బాగా పెంచి చూశాడు. ఊపు వినిపించడం మానేసింది, కొత్త నాదం పుట్టింది. ఎఫ్ఎం (ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్) సింథసిస్ అంటే ఇదే.

అపోహ: దాన్ని ప్రోగ్రామ్ చేయడం మనవల్ల కాదు.

వాస్తవం: రెండు వరుసల చిన్న తెర, సెట్టింగులన్నీ మార్చడానికి ఒకే స్లైడర్ చూస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. నాలుగు ఆపరేటర్లు ఆపేసి రెండింటితో మొదలుపెట్టండి. మనకు వినిపించే ఆపరేటర్ (క్యారియర్) 1 దగ్గర ఉంచి, దాన్ని కుదిపే ఆపరేటర్ (మాడ్యులేటర్) నిష్పత్తి 2 చేస్తే క్లారినెట్‌లా బోలుగా పలుకుతుంది. 3.5 చేస్తే గంట. మాడ్యులేటర్ మెల్లగా తగ్గేలా ఎన్వలప్ (కాలంతో పెరిగి తగ్గే తీరు) పెట్టండి, మోగిన గంట చల్లారుతున్నట్టే ఉంటుంది. ఒక సాయంత్రం చాలు.

అపోహ: అదే శబ్దమిచ్చే కంప్యూటర్ ప్లగిన్ ఉండగా పాతది దండగ.

వాస్తవం: నేర్చుకోవడానికి ఉచితంగా దొరికే డెక్స్‌డ్ అనే ప్లగిన్ చాలు, అప్పు చేసి పాతది కొనొద్దు. ఒక్క తేడా గుర్తుంచుకోండి. డీఎక్స్7 కీబోర్డు మామూలుగా ఎంత గట్టిగా కొట్టినా వెలాసిటీ (కీ నొక్కిన బలాన్ని చెప్పే అంకె) గరిష్ఠమైన 127 దాకా వెళ్లదు, కంప్యూటర్‌కు తగిలించే కొత్త కంట్రోలర్ కీబోర్డులు వెళ్తాయి. పాత ప్యాచ్‌లు ప్లగిన్‌లో కీచుగా ఉన్నాయనిపిస్తే ముందు వెలాసిటీ తగ్గించి చూడండి.

అపోహ: సౌండ్లు పోయాయంటే బోర్డు పోయినట్టే.

వాస్తవం: చాలాసార్లు పోయేది మెమరీని నిలిపే లోపలి బ్యాటరీ. దాన్ని బోర్డుకు టంకం వేసి ఉంచారు, మార్చేటప్పుడు హోల్డర్ పెట్టించుకోండి. అంతకంటే ముందు 32 సౌండ్లనూ సిస్ఎక్స్ (మిడి ద్వారా పంపే సింథ్ డేటా) ఫైల్‌గా కంప్యూటర్‌లో దాచుకోండి. ఒక పెద్దాయన వయసులో ఉన్నప్పుడు సొంతంగా వీణ ప్యాచ్ చేసుకున్నారట. నా దగ్గరికి తెచ్చేసరికి మెమరీ ఖాళీ. ఫ్యాక్టరీ సౌండ్లన్నీ తిరిగి ఎక్కించాను. ఆయన మాత్రం ఆ వీణ కోసం ఒక్కో నంబరూ గుర్తుచేసుకుంటూ రెండు గంటలు నా పక్కనే కూర్చున్నారు. సగం దాకా వచ్చింది.