వర్గం కనిపించినంత మాత్రాన వర్గ సమీకరణం కాదు

తిరుపతిలో పదో తరగతి చదువుతున్న మా అన్న కొడుకు మొన్న నోటు పుస్తకం తెచ్చి, "చిన్నాయనా, రెండో ఘాతం కనిపిస్తానే ఉండాది గదా, వర్గ సమీకరణమని రాస్తే మార్కు ఎందుకు కొట్టేసినారు?" అని అడిగాడు. ఆ లెక్క (యా + 1)² = యా² + 7. తెలియని రాశికి నేనిక్కడ 'యా' అని రాయడానికి కారణముంది. మన ప్రాచీన గణితజ్ఞులు దానిని 'యావత్తావత్', అంటే 'ఎంతైతే అంత' అని పిలిచి, మొదటి అక్షరంతో సూచించేవారు. తెలియని రాశులు ఇంకా ఉంటే కాలకం, నీలకం, పీతకం అని రంగుల పేర్లు పెట్టేవారు.

బ్రాకెట్టు విప్పితే ఎడమవైపు యా² + 2యా + 1 వస్తుంది. రెండు వైపులా ఉన్న యా² కొట్టుకుపోయి 2యా = 6 మిగులుతుంది కనుక ఇది ఏకఘాత సమీకరణమే. కుడివైపున 7కు బదులు 2యా + 1 ఉండి ఉంటే ఏ విలువకైనా సరిపోయే సర్వసమీకరణం అయ్యేది. పదాలన్నీ ఒకవైపుకు తెచ్చాక మిగిలే అతిపెద్ద ఘాతమే పేరు పెడుతుంది: 1 అయితే ఏకఘాతం, 2 అయితే వర్గం, 3 అయితే ఘనం. యా తానే ఘాతస్థానంలోకి ఎక్కితే అది ఘాతాంక సమీకరణం, వేరే జాతి. పాఠ్యపుస్తకంలో అధ్యాయం పేరే ఈ జాతిని ముందుగా చెప్పేయడం వల్ల పిల్లలకు గుర్తుపట్టే అలవాటు కలగడం లేదని నా ఫిర్యాదు. పేరులో ఒక అక్షరం పెంచితే జాతకం మారుతుందని నమ్మేవారున్నారు గానీ, సమీకరణంలోని పదాలను ఎలా అటూ ఇటూ మార్చి రాసినా దాని మూలాలు, అంటే దానికి సరిపోయే విలువలు, మారవు.

భాస్కరాచార్యుడు 1150లో రచించిన బీజగణితంలో వర్గ సమీకరణాల ప్రకరణం పేరు మధ్యమాహరణం, అనగా మధ్యపదాన్ని, అంటే యా ఒక్కటే ఉన్న పదాన్ని, తొలగించడం. రూపాన్ని బట్టి కాక చేసే పనిని బట్టి పెట్టిన ఈ పేరు నాకెంతో ఇష్టం. చిత్తూరు వైపు ఒక తోటలో 40 మామిడి అంట్లు నాటాలనీ, వరుసల సంఖ్య కంటే ఒక్కో వరుసలోని మొక్కలు 6 ఎక్కువనీ అనుకుందాం. వరుసల సంఖ్య యా అయితే, యా² + 6యా = 40. మరో ప్రాచీన గణితజ్ఞుడు శ్రీధరాచార్యుడి పద్ధతిలో రెండు వైపులనూ యా² గుణకానికి నాలుగింతలతో, ఇక్కడ 4తో, గుణించి, మధ్య గుణకపు వర్గమైన 36ను కలిపితే 4యా² + 24యా + 36 = 196 అవుతుంది. ఎడమవైపు మొత్తం (2యా + 6)²గా ముడుచుకోగా, మధ్యపదం విడిగా కనిపించదు. 196 అనేది 14కూ, −14కూ వర్గమే కనుక యా విలువ 4 లేదా −10. నాలుగు వరుసలు, వరుసకు పది మొక్కలు. −10 వరుసలు ఎవరూ నాటలేరు.

ఈ చిక్కు భాస్కరుడికీ ఎదురైంది. గుంపులో ఐదో వంతు కోతులలో మూడింటిని తీసివేసి, మిగిలిన సంఖ్యను వర్గం చేస్తే వచ్చినన్ని గుహలోకి పోగా, ఒక్క కోతి కొమ్మెక్కి కనిపించింది, అన్నీ ఎన్ని? జవాబులు 50, 5. అలిపిరి మెట్ల మీద కోతులను చూసినవారికి రెండూ నమ్మదగినవే. అయితే ఐదింటిలో ఐదో వంతు ఒక్కటే, అందులోంచి మూడు తీస్తే −2 అవుతుంది. ఋణరాశిని లోకం నమ్మదని చెప్పి ఆయన 5ను విడిచిపెట్టాడు.