అపోహలు - వాస్తవాలు: చేప కాలేయంలో అంకె వేరు, కూరలో ముక్క వేరు

సముద్ర కాలుష్యం పరీక్షలు చేసే మేం శాంపిల్ చేపల కోసం విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే, ఎప్పుడూ నవ్వుతూ పలకరించే ఆవిడ బుట్ట ముందు దిగాలుగా కూర్చుని ఉంది. "అమ్మా, మన చేపల్లో విషం ఉందని మీవాళ్లే రాశారంట గదా? మూడు రోజులుగా బేరమే లేదు" అంటూ ఫోన్‌లో ఒక మెసేజ్ చూపించింది. చేపలో కాడ్మియం అనే విష లోహం ఎంత ఉందో చెప్పే అంకె అది. అంకె నిజమే. కాకపోతే అది చేప కాలేయంలోది, అదీ ఎండబెట్టి పొడి చేసిన శాంపిల్‌లోది.

అపోహ: చేపలో ఇంత కాడ్మియం దొరికిందంటే ఆ చేప తినకూడదు.

ఇది ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అయినా మళ్లీ చెబుతాను. చేపను మేం రెండు పనులకు పరీక్షిస్తాం. సముద్రం ఎలా ఉందో తెలియాలంటే కాలేయం చూస్తాం. కాడ్మియం లాంటివి అక్కడే పేరుకుంటాయి, నీళ్లలో చాలా కొద్దిగా ఉన్నా అక్కడ తెలిసిపోతుంది. తినడానికి పనికొస్తుందా అన్నది తేల్చాలంటే కండ చూస్తాం. కండలో కాడ్మియం కాలేయంలో కంటే ఎన్నో రెట్లు తక్కువ. మీరు కడిగి పారేసే భాగంలోని అంకెను కూరలో ముక్కకు అంటగడితే ఎలా?

రెండో పొరపాటు తూకంలో జరుగుతుంది. చేప కండలో ముప్పాతికకు పైగా నీరే. ఎండబెట్టిన కండలో ఒక లోహం కిలోకు 1.2 మిల్లీగ్రాములు ఉంటే, పచ్చి చేపలో అది సుమారు 0.3 మాత్రమే. ఆహార పరిమితులు పచ్చి చేపకు పెట్టినవి. 1.2ను తెచ్చి వాటి పక్కన పెట్టి 'ప్రమాదం' అని రాస్తే ఆ బుట్ట ముందు కూర్చున్న మనిషి గతేం కావాలి? నెత్తళ్ల లాంటి చిన్నవాటిని పొట్టతో సహా తింటాం కాబట్టి, వాటిని మొత్తంగా రుబ్బే చూడాలి.

పాదరసం సంగతి వేరు. అది కండలోనే ఉంటుంది, వండినా పోదు. చిన్న చేపను పెద్ద చేప తినే కొద్దీ పెరుగుతుంది. మొన్న మా అక్క కూతురు ఫోన్ చేసి, "పిన్నీ, ఐదో నెల. భయమేసి చేపలన్నీ మానేశాను" అంది. గొంతులోనే టెన్షన్ తెలుస్తోంది. సొర, కొమ్ముకోనాం లాంటి పెద్ద వేట చేపలు వద్దన్నాను. కవళ్లు, కానాగంతలు మానకు, బిడ్డకు మంచివని చెప్పాను.

అపోహ: చేప కండలో డీజిల్, ముడిచమురు లాంటి నూనె జాడ లేదు, కాబట్టి నీళ్లలో నూనె కాలుష్యం లేదు.

చేప శరీరం ఆ నూనెలోని రసాయనాలను త్వరగా మార్చి పిత్తంలోకి పంపేస్తుంది. అందుకే బురదలో మేసే కత్తిపరిగెలను పట్టి పిత్తం తీస్తాం. ఈమధ్య నూనె తగిలి ఉంటే అక్కడ దొరుకుతుంది.

అపోహ: చేపలు చచ్చి తేలాయంటే ఎవరో విషం వదిలారు.

వదిలి ఉండొచ్చు. కానీ తెల్లవారుజామున క్రీక్‌లో (సముద్రపు పాయలో) చేపలు తేలాయంటే ముందు నీళ్లలో ఆక్సిజన్ చూడాలి. మురుగు ఎక్కువైనా అది పడిపోతుంది, అదీ కాలుష్యమే. రెండు రోజుల తర్వాత కుళ్లిన చేపను సంచిలో తెస్తే నేనేమీ తేల్చలేను. నష్టపరిహారం అడగడానికి మీ చేతిలో ఆధారమూ మిగలదు. వెంటనే మాకు కబురు పెట్టండి. అక్కడి నీళ్లు శుభ్రమైన సీసాలో పట్టండి. అప్పుడే ప్రాణం పోతున్న చేపల్ని ఐసులో పెట్టండి. టైము, చోటు రాసుకోండి.