వంక నీళ్లు ఎందుకు ఎర్రగా పారాయి?

చిన్నీ, బుజ్జిగా,

దసరా సెలవులైపోయి బస్సెక్కాక, కిటికీలోంచి వంకను (వాగును) చూపించి "తాతా, వాన తెల్లగానే పడింది కదా, ఆ నీళ్లెందుకు అంత ఎర్రగా ఉన్నాయి?" అని అడిగింది చిన్ని. నేను నోరు తెరిచేలోపు బస్సు కదిలింది.

ఆ ఎరుపు మన చేనేనమ్మా. చేని మన్నే అట్లా పోతోంది.

అవ్వ పాలు కాచి దించితే మీగడ కడుతుంది చూడండి. చేనికీ అంతే. పైనున్న జానెడు మన్నే మీగడ. దిబ్బెరువు, రాలిన ఆకు, వానపాములు, పైరుకు కావలసిన బలమంతా అందులోనే. కిందంతా గరుసు. పాలగిన్నె వంచితే ముందు జారేది మీగడే కదా? మన చేను తూర్పుకు వాలు. అంటే ఎప్పుడూ వంచి పెట్టిన గిన్నె. పాల మీద మీగడ పూటలో కడుతుంది. నేల మీద అంగుళం మందం కట్టాలంటే వందల ఏళ్లు పడుతుంది.

మన అనంతపురంలో ఏడాదంతా కలిపి కురిసేది 55 సెంటీమీటర్లకు అటూ ఇటూ. అదీ కుదురుగా కురవదు, ఒక్కో రాత్రి దబదబా కుమ్మరించి పోతుంది. సెంటీమీటరు వానంటే కొంచెమే అనుకుంటారు మీరు. ఎకరా మీద అది 40 వేల లీటర్లు! మీ అపార్టుమెంటుకు వచ్చే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. అన్ని నీళ్లు ఒక్కసారిగా పల్లానికి ఉరికితే మీగడ నిలుస్తుందా?

అందుకే గెనిమలు. మీ పుస్తకంలో గట్లు అని ఉంటుంది. నాకు పదేళ్లప్పుడు చేని మూల నీళ్లు నిలిచాయి. చెనక్కాయ కుళ్లిపోతుందని నాకు భయం. ఎవరినీ అడగకుండా పారతో గెనిమకు బెత్తెడు గండి పెట్టాను. తెల్లారి చూస్తే ఆ బెత్తెడు గండిలో దూడ పడుకునేంత గాడి పడింది. మా అబ్బ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. "రాళ్లు మోయి" అన్నాడు. రెండు రోజులు మోశాను. ఆయన ఆ గండిలో రాళ్లు పేర్చి చిన్న మరవ కట్టాడు. ఎక్కువైన నీళ్లు రాళ్ల మీదుగా మెల్లగా దిగిపోతాయి, మన్ను ఇవతలే ఆగుతుంది. మీగడను చెంచాతో అడ్డం పట్టి పాలు వంచుకున్నట్టన్నమాట.

సేద్యం కూడా వాలుకు అడ్డంగానే చేయాలి. ప్రతి సాలూ ఒక చిన్న గెనిమ అవుతుంది, నీళ్లు అక్కడక్కడే ఇంకుతాయి. వాలు వెంబడి దున్నితే మీగడ జారడానికి మనమే దారి గీసిచ్చినట్టు. ట్రాక్టరు తిప్పడానికి సులువని ఇప్పుడు కొందరు అట్లాగే దున్నిస్తున్నారు. వాన కోసం దేవుడికి మొక్కేవాళ్లు పడిన వానను పట్టుకోకపోతే ఎట్లా?

ఎంత జాగ్రత్తపడినా కొంత పోతుంది. పోయింది చెరువులో చేరుతుంది. ఎండాకాలం చెరువెండితే బండ్లు కట్టుకుని ఊరంతా పోయి ఆ పూడిక మన్ను తవ్వి చేలకు తోలుకునేవాళ్లం. జారిన మీగడను మళ్లీ గిన్నెలో వేసుకోవడమే కదా! (అవ్వ ఇది చదివి, కింద పడిన మీగడ ఎవరు తింటారని నవ్వుతోంది. పోలిక ఇంతకంటే సాగదులే.) బండి మీద కూర్చుంటే ఆ మన్ను చల్లగా, మెత్తగా ఉండేది. మధ్యలో నత్తగుల్లలు దొరికేవి, జేబుల నిండా వేసుకునేవాణ్ణి.

అసలు నీళ్లు పారకముందే చినుకు కొట్టే దెబ్బ ఒకటుంది. పెద్ద చినుకు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో దిగుతుంది. నేల మీద ఆకో, గడ్డో, పైరో ఉంటే ఆ దెబ్బ అది కాస్తుంది. ఉత్త నేల మీద పడితే మన్ను చిట్లి ఎగురుతుంది. మనింటి సున్నపు గోడకు కింద ఎర్రచుక్కలుంటాయే, అవి అట్లా ఎగిరినవే.

మీ వీధి చివర ఖాళీ స్థలం ఉంది కదా. ఈసారి గట్టి వాన వెలిశాక ఇద్దరూ వెళ్లి గొంతుకూర్చుని చూడండి. ఒక్కో గులకరాయి కింద వేలెడంత మట్టి స్తంభం నిలబడి ఉంటుంది. చుట్టూ మన్నంతా పోయి, రాయి గొడుగు పట్టిన చోట మాత్రమే మిగిలినది. వేలితో తాకొద్దు, పడిపోతుంది. ఎన్ని ఉన్నాయో లెక్కబెట్టి నాకు రాయండి.

మీ తాత

బుజ్జిగాడి గోలీల సంచి ఇక్కడే మరిచిపోయారు, భద్రంగానే ఉంది.