ఇంకా నిద్ర లేవని కిడ్నీ

మంచం పక్కన వేలాడే యూరిన్ బ్యాగులో, అడుగున నాలుగు చెంచాల ఎర్రటి నీళ్లు. గంటగంటకూ నర్సు వచ్చి కొలిచి రాసుకుంటుంది. అంకె పెరగదు. కొత్త కిడ్నీ పెట్టిన మూడో రోజున మళ్లీ డయాలసిస్‌కి తీసుకెళ్తామంటే ఇంట్లోవాళ్ల గుండె జారిపోతుంది. "మరి ఆపరేషన్ ఎందుకు చేసినట్టు?" అంటారు. అలా అడగడంలో తప్పేమీ లేదు.

మార్పిడి జరిగిన మొదటి వారంలో డయాలసిస్ అవసరమైతే దాన్ని డాక్టర్లు డిలేడ్ గ్రాఫ్ట్ ఫంక్షన్ అంటారు, వాడుకలో డీజీఎఫ్. బతికున్న దాత ఇచ్చిన కిడ్నీలో ఇది అరుదు. చనిపోయినవారి నుంచి తీసిన కిడ్నీలోనే ఎక్కువ.

ఈ తేడా మొదటి నుంచీ ఉన్నదే. 1933లో ఉక్రెయిన్‌లోని ఖెర్సోన్‌లో యూరి వోరోనోయ్ అనే సర్జన్, పాదరసం విషం తాగిన ఒక యువతి తొడలో, గంటల ముందే చనిపోయిన మనిషి కిడ్నీని అమర్చాడు. బ్లడ్ గ్రూపు కూడా కలవలేదు. రెండు రోజులకే ఆమె చనిపోయింది. 1954 డిసెంబర్ 23న బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం రొనాల్డ్ హెరిక్ కిడ్నీని అతని కవల సోదరుడు రిచర్డ్‌కి పెట్టింది. రక్తనాళాలకు బిగించిన క్లాంపులు తీయగానే కిడ్నీ గులాబీ రంగుకి తిరిగి, బల్ల మీదే యూరిన్ పోసింది. రిచర్డ్ ఎనిమిదేళ్లు బతికాడు.

చనిపోయినవారి కిడ్నీకి ఆ అదృష్టం ఎందుకు లేదు? రక్తం ఆగగానే కణాలకు శక్తి అందదు. ఉప్పును బయటికి తోసే పంపులు నిలిచిపోతాయి, కణాలు ఉబ్బుతాయి. ఐసులో పెడితే ఆ నష్టం నెమ్మదిస్తుందేగాని ఆగదు. మళ్లీ రక్తం పారినప్పుడు ఇంకో దెబ్బ: వాపు పుడుతుంది, కిడ్నీలోని సన్నటి గొట్టాల లోపలి పొర రాలి దారిని మూసేస్తుంది. ఆ పొర తిరిగి పెరగడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. కిడ్నీ నిద్రపోతోందని డాక్టర్లు చెప్పేది ఈ దశ గురించే.

ఇక్కడి నుంచి కథంతా గంటలతో పోరాటం. 1960ల చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫోల్కర్ట్ బెల్జర్, కిడ్నీలోకి చల్లటి ద్రవాన్ని యంత్రంతో పంపుతూ 17 గంటలు నిలిపాడు. 1969లో జెఫ్రీ కాలిన్స్ తయారుచేసిన ద్రావణంతో కడిగి ఐసు పెట్టెలో పెడితే 30 గంటలు కాపాడవచ్చని తేలింది. పెట్టె చవక, మోసుకెళ్లడం తేలిక. అందుకే యంత్రం చాలాచోట్ల మూలన పడింది. 2009లో యూరప్‌లో ఒకే దాత రెండు కిడ్నీల్లో ఒకటి యంత్రంలో, ఇంకొకటి ఐసులో పెట్టి పోల్చిన ఫలితాలు వచ్చాయి. డీజీఎఫ్ యంత్రంలో 20.8 శాతం, ఐసులో 26.5 శాతం. ఏడాది తర్వాత పనిచేస్తున్న కిడ్నీలు 94 శాతం, 90 శాతం.

మరి ఆలస్యంగా లేచిన కిడ్నీ ఎన్నాళ్లు పనిచేస్తుంది? అసలు టెన్షన్ ఇదే. 2009లోనే వచ్చిన ఒక సమీక్ష, డీజీఎఫ్ వచ్చినవారిలో కిడ్నీ కోల్పోయే ముప్పు 41 శాతం ఎక్కువని లెక్కకట్టింది. దెబ్బతిన్న కణాలు శరీర రక్షణ వ్యవస్థను రెచ్చగొడతాయి, అది కొత్త కిడ్నీని పరాయిదిగా చూసి దాడి చేసే రిజెక్షన్‌కి దారి తెరుచుకుంటుంది. యూరిన్ రాకపోతే ఆ రిజెక్షన్ బయటికి కనిపించదు కూడా. కిడ్నీ నిద్రలో ఉన్న ఈ రోజుల్లో బయాప్సీ (సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేద్దామని డాక్టరు అంటే భయపడి వద్దనకండి.

అయితే ఆ ఒక్క అంకె చూసి కుంగిపోవడం నాకు ఇష్టం లేదు. గుండె ఆగిపోయాక తీసిన కిడ్నీల్లో డీజీఎఫ్ చాలా ఎక్కువ. అయినా ఐదేళ్ల తర్వాత చూస్తే అవి బ్రెయిన్ డెడ్ దాతల కిడ్నీలంత బాగానే పనిచేస్తున్నాయని 2010లో బ్రిటన్ లెక్కలు చూపించాయి. దాత వయసు, కిడ్నీ నాణ్యత, మధ్యలో వచ్చిన రిజెక్షన్ ఇవన్నీ కలిస్తేనే అసలు లెక్క.

మన దగ్గర చనిపోయినవారి అవయవాల పంపిణీకి 2013లో, ఉమ్మడి రాష్ట్రంలో, హైదరాబాద్ నిమ్స్ కేంద్రంగా జీవన్‌దాన్ మొదలైంది. పోలీసులు ట్రాఫిక్ ఆపి అంబులెన్స్‌కి దారి ఇవ్వడం మనం టీవీల్లో చూస్తూనే ఉన్నాం. కిడ్నీకి కూడా ఆ నిమిషాలు విలువైనవే. ఖరీదైన యంత్రం లేకుండా చేయగలిగిందీ ఉంది. 2023లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల్లో ఆపరేషన్ సమయంలో మామూలు సెలైన్‌కి బదులు ప్లాస్మాలైట్ (రక్తంలోని లవణాలకు దగ్గరగా ఉండే ద్రవం) ఎక్కిస్తే డీజీఎఫ్ 40 నుంచి 30 శాతానికి తగ్గిందని ఒక అధ్యయనం చూపించింది.

ఇంకో చిన్న పని మన డిశ్చార్జి కాగితాల్లో జరగాలి. పొటాషియం పెరిగిందని ఒక్కసారి డయాలసిస్ చేసినా, మూడు వారాలు చేసినా నిర్వచనం ప్రకారం రెండూ డీజీఎఫే. కానీ నిద్ర ఎంత పొడవైతే ముప్పు అంత ఎక్కువ. అందుకే ఎన్ని రోజులు, ఎన్నిసార్లు డయాలసిస్, బయాప్సీలో ఏం కనిపించింది, ఇంటికెళ్లే రోజు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) ఎంత అన్నది కాగితం మీద రాయించుకోండి. ఐదేళ్ల తర్వాత కిడ్నీ మొరాయిస్తే, ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు మొదట అడిగేది అదే.