షుగర్ పేషెంట్లకి గుండె స్కాన్ బొమ్మలు చూపించి చెప్పడం: అపోహలు - వాస్తవాలు

నేను షుగర్ పేషెంట్లని చూసే ఫిజీషియన్ని. ఈ మధ్య ఓపీకి వచ్చేవాళ్ల ప్లాస్టిక్ కవర్లో షుగర్ చీటీలతో పాటు గుండె సీటీ రిపోర్టో, మెడ రక్తనాళాల స్కానో కూడా ఉంటోంది, ఏదో హెల్త్ ప్యాకేజీలో తీయించుకున్నవి. బొమ్మ ఉంటుంది, నంబర్ ఉంటుంది, దాని అర్థం మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పి ఉండరు, అందుకని ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకుని వస్తారు. ఇక్కడ రాసే అపోహల్లో కొన్ని పేషెంట్లవి, కొన్ని అచ్చంగా మా డాక్టర్లవే.

అపోహ: ఈసీజీ నార్మల్, టూడీ ఎకో నార్మల్, ఇంకేం, గుండెలో బ్లాకులు లేనట్టే.

వాస్తవం: ఈసీజీ ఆ నిమిషంలో గుండెలో కరెంటు ఎలా నడుస్తోందో చెప్తుంది. ఎకో గుండె ఎంత బాగా పంప్ చేస్తోందో, వాల్వులు ఎలా ఉన్నాయో చూపిస్తుంది. రక్తనాళం గోడలో పేరుకున్న కొవ్వు ఈ రెండిట్లోనూ కనపడదు. పైగా షుగర్ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకి నరాలు దెబ్బతిని గుండె నొప్పి కూడా సరిగ్గా తెలియకపోవచ్చు, ఆయాసం, చెమటలు, పైపొట్టలో మంట, అంతే. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకుంటారు.

అపోహ: కాల్షియం స్కోర్ (గుండె రక్తనాళాల్లో ఎంత కాల్షియం పేరుకుందో సీటీ స్కాన్ చూసి ఇచ్చే నంబర్) ఎక్కువ వచ్చిందంటే పాలు మానెయ్యాలి.

వాస్తవం: ఇది నవ్వులాటకి రాసింది కాదు, నెలకి ఒకరైనా ఈ మాటతో వస్తారు. రిటైరైన మాస్టారు ఒకాయన "212 వచ్చింది మేడమ్, ఆ రోజు నుంచి పాలు, పెరుగు బంద్, మా ఆవిడ మోకాళ్లకి వాడే కాల్షియం మాత్రలు కూడా ఆపించేశా" అన్నారు. కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటున్నారా మాస్టారూ అంటే "అది లివర్‌కి చెడ్డదంట కదా" అని అది కూడా మానేశారట! ఆ స్కాన్‌లో తెల్లగా మెరిసే కాల్షియం మనం తాగిన పాల నుంచి వచ్చి కూర్చున్నది కాదు. రక్తనాళం గోడలో కొవ్వు చేరి, వాచి, ఏళ్లకి గట్టిపడితే అక్కడ కాల్షియం దిగుతుంది. అంటే అది పాత జబ్బు మచ్చ. స్కోర్ సున్నా అయితే కాల్షియం కనపడలేదని, 100 దాటితే జాగ్రత్త బాగా పెంచాలని, 400 దాటితే రిస్క్ చాలా ఎక్కువని స్థూలంగా లెక్క. ఇంకో గమ్మత్తు ఏంటంటే పేరులో స్కోర్ అని ఉంది కాబట్టి ఎక్కువ వస్తే మంచి మార్కులు అనుకునేవాళ్లు కూడా ఉన్నారు, కాబట్టి రిపోర్ట్ చేతికిచ్చే ముందే "ఇందులో తక్కువ వస్తేనే మంచిది" అని చెప్పడం నాకు అలవాటైపోయింది.

అపోహ: స్కోర్ సున్నా, ఇక మందులు అక్కర్లేదు.

వాస్తవం: గట్టిపడని మెత్తటి కొవ్వు ఈ స్కాన్‌లో కనపడదు. గోడకి లోపల చెమ్మ పట్టినా పైన సున్నం బాగానే ఉన్నట్టు. సున్నా రావడం మంచి విషయమే, కాదనను, కానీ షుగర్ ఉన్నవాళ్లలో ఆ సున్నా ఇచ్చే భరోసా మిగతావాళ్లకంటే తక్కువ కాలం నిలుస్తుంది. అసలు షుగర్ ఉండి 40 నుంచి 75 ఏళ్ల మధ్య ఉంటే స్టాటిన్ (అదే, కొలెస్ట్రాల్ మాత్ర) వాడమనే గైడ్‌లైన్స్ చెప్తున్నాయి, దానికి స్కాన్ కోసం ఆగక్కర్లేదు. సున్నా కాగితం చూపించి మాత్ర ఆపేసినవాళ్లని చూసినప్పుడల్లా ఈ బొమ్మ తీయకపోయినా బాగుండేదే అనిపిస్తుంది.

అపోహ: మాత్ర వాడుతున్నా రెండేళ్లకి స్కోర్ పెరిగింది, అంటే మందు పనిచెయ్యట్లేదు.

వాస్తవం: స్టాటిన్ మెత్తటి కొవ్వుని గట్టిపరుస్తుంది, దాంతో కాల్షియం పెరిగినట్టు కనపడుతుంది. గట్టిపడింది పగిలే అవకాశం తక్కువ. అందుకే మందు మొదలయ్యాక మళ్లీ మళ్లీ స్కోర్ తీయించడం నాకు నచ్చదు, రక్త పరీక్షలో ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్, చూసుకుంటే చాలు. షుగర్‌తో పాటు బీపీ లాంటి రిస్కులు ఉన్నవాళ్లకి 70 లోపు, గుండెపోటు వచ్చినవాళ్లకి, స్టెంట్ పడినవాళ్లకి 55 లోపు ఉంచాలని చూస్తాం.

అపోహ: బొమ్మ చూపించి కాస్త భయపెడితే మారతారు.

వాస్తవం: ఇది మా డాక్టర్ల అపోహ. భయం వారం రోజులుంటుంది, తర్వాత రిపోర్ట్ బీరువాలోకి పోతుంది, కొందరైతే భయానికి క్లినిక్ వైపే రారు. స్వీడన్‌లో విప్‌విజా అని ఒక పెద్ద ట్రయల్ చేశారు, 3,500 మందికి పైగా, అందరూ షుగర్ వాళ్లు కాదు, గుండెకి ఏదో ఒక రిస్క్ ఉన్నవాళ్లు. అందరికీ మెడ స్కాన్ తీసి సగం మందికే ఆ బొమ్మ ఇచ్చారు, ప్లాక్ (గోడలో పేరుకున్న ఆ కొవ్వు) ఉంటే ఎరుపు, లేకపోతే ఆకుపచ్చ, దాంతో పాటు రక్తనాళం వయసు చూపించే ఒక కొలబద్ద. అక్కడితో వదిలేయలేదు, కొన్ని వారాలకి నర్స్ ఫోన్ చేసి అర్థమైందా, ఏం చేద్దామనుకుంటున్నారు అని మాట్లాడింది. ఏడాదికి బొమ్మ అందుకున్నవాళ్లలో రిస్క్ తగ్గింది, తేడా చిన్నదే కానీ మూడేళ్లకి కూడా నిలిచింది. నా ఉద్దేశంలో సగం పని ఆ ఫోన్ కాల్‌దే.

నేను చేసేదేంటంటే, ప్రింట్ మీద పెన్నుతో ప్లాక్ చుట్టూ ఒక సున్నా చుడతా, పక్కన మామూలుగా ఉన్న చోట ఇంకోటి, రెండూ పోల్చి చూడమంటా. తర్వాత "ఇప్పుడు మీరు నాకు చెప్పండి, ఇంటికెళ్లి అమ్మగారికి ఏమని చెప్తారు" అని అడుగుతా. మూసుకుపోయిందంట, స్టెంట్ వెయ్యాలంట అని చెప్పారనుకోండి, నేను చెప్పింది ఎక్కలేదని అర్థం, మళ్లీ మొదలు. చివరికి అదే కాగితం మీద ఒకటో రెండో పనులు రాసిస్తా, రాత్రి మాత్ర, సిగరెట్ మానడం, అంతే, పది రాస్తే ఒకటీ చెయ్యరు.

బొమ్మ అంటే స్కానే కానక్కర్లేదు. "పదేళ్లలో మీ గుండె జబ్బు రిస్క్ 20 శాతం" అంటే 80 శాతం బాగానే ఉన్నట్టేగా అంటారు, తప్పు కూడా కాదు. అందుకే 100 మంది మనుషుల బొమ్మలున్న ఒక షీట్ పెట్టుకున్నా. 20 మందికి ఎర్ర రంగు. స్టాటిన్‌తో ఎల్‌డీఎల్ సుమారు 40 పాయింట్లు తగ్గితే ఆ ముప్పు ఐదో వంతు తగ్గుతుంది, అంటే నలుగురికి ఎరుపు పోయింది. ఇంకో 16 మంది ఎర్రగానే ఉన్నారు కదా అని అడుగుతారు, అవును, అందుకే బీపీ, సిగరెట్, నడక అని అక్కడి నుంచి మాట సాగుతుంది. సీటీ దొరకని ఊళ్లో కూడా ఈ షీట్ పనిచేస్తుంది, ఖర్చు జిరాక్స్ డబ్బులే.

అపోహ: షుగర్ ఉంటే ఏటా సీటీ యాంజియో (రక్తంలోకి డై అనే రంగు మందు ఎక్కించి గుండె రక్తనాళాలు చూసే సీటీ) చేయించుకోవడం సేఫ్.

వాస్తవం: లక్షణాలు లేని 900 మంది షుగర్ పేషెంట్ల మీద అమెరికాలో ఫ్యాక్టర్-64 అనే ట్రయల్ చేశారు, 2014లో ఫలితాలొచ్చాయి, సీటీ యాంజియో చేసిన గ్రూపుకీ చెయ్యని గ్రూపుకీ గుండెపోట్లు, మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాల్షియం స్కోర్‌కి డై అక్కర్లేదు, రేడియేషన్ కూడా తక్కువే. సీటీ యాంజియోకి మాత్రం డై ఎక్కించాలి, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకి అది ఊరికే పెట్టుకునే తలనొప్పి. యూరిన్‌లో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందా అని చూసే టెస్ట్ చవక, గుండె రిస్క్ గురించి బోలెడు చెప్తుంది, దాన్ని అడిగి చేయించుకునేవాళ్లు ఒక్కరూ కనపడరు.

ఇంకొక్కటి. ఇదంతా లక్షణాలు లేనివాళ్ల సంగతి. ఛాతీలో బరువు, ఉన్నట్టుండి ఆయాసం, చల్లటి చెమటలు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి ఉంటే ఏ స్కాన్‌కీ అపాయింట్‌మెంట్ తీసుకోకండి, "పోయిన నెలేగా స్కోర్ సున్నా వచ్చింది" అని కూడా కూర్చోకండి. 108కి ఫోన్ చేసి ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి, అక్కడ ముందు ఈసీజీ తీస్తారు, మొదటిది నార్మల్ వచ్చినా కాసేపాగి మళ్లీ తీస్తారు, గుండె కండరం దెబ్బతిందా అని చెప్పే ట్రోపోనిన్ రక్త పరీక్ష చూస్తారు, అవి అయ్యేదాకా ఇంటికి వెళ్తామని గొడవ పెట్టకండి.