బండికి అదనపు మీటరు బిగించడం: అపోహలు - వాస్తవాలు

కావలిలో మా షెడ్డుకు వచ్చే కుర్రాళ్ళు ఈ మధ్య తరచుగా అడిగే పని వోల్ట్ మీటరు పెట్టడం. కోరిక మంచిదే. ఫాగ్ లైట్లు, ఫోను చార్జరు తగిలించాక బ్యాటరీ సంగతి కంటికి కనబడాలి కదా. పాత బుల్లెట్లకైతే హెడ్‌లైటు డూము మీద ఆంప్ మీటరు కంపెనీయే పెట్టి ఇచ్చేది. చిక్కంతా మీటరుతో కాదు, దాన్ని బిగించే తీరుతో.

అపోహ: ఫ్రేముకు చిన్న బెజ్జం వేస్తే ఏమీ కాదు.

వాస్తవం: అన్నిటికంటే చెడ్డ పని ఇదే, కాబట్టి దీని గురించే ఎక్కువ చెబుతాను. ఫ్రేము పైపు లోపల బోలు, గోడ పలచన. గుంతలో పడ్డప్పుడల్లా, బ్రేకు వేసినప్పుడల్లా ఆ పైపు కంటికి తెలియనంత వంగి మళ్ళీ సర్దుకుంటుంది. బెజ్జం వేస్తే ఆ ఒత్తిడి బెజ్జం అంచున పోగవుతుంది, మామూలు కంటే రెండు మూడింతలు అవుతుంది. బట్టల కొట్టులో కత్తెరతో అంచున చిన్న గాటు పెట్టి మిగతాదంతా చేత్తో చించేస్తారు చూడండి, అదే లెక్క.

పైగా మీటరు కళ్ళకు ఎదురుగా ఉండాలని హ్యాండిల్ కింద, పైపులన్నీ కలిసే చోటే డ్రిల్లు పెట్టమంటారు. ముందు చక్రం తినే దెబ్బంతా చేరేది సరిగ్గా అక్కడికే! జువ్వలదిన్నె, తుమ్మలపెంట వైపు తిరిగే బండ్లకు ఇంకో బాధ. ఉప్పుగాలి ఆ బెజ్జంలోంచి పైపు లోపలికి పోయి తుప్పు పట్టిస్తుంది. బయట రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది.

"సరే అన్నా, బెజ్జం వద్దు, చిన్న పట్టీ వెల్డింగ్ పెట్టు" అంటారు తర్వాత. వెల్డింగ్ వేడికి పక్కనున్న ఇనుము గుణం మారుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది. ఇంజెక్షన్ బండికి బ్యాటరీ వైర్లు తీయకుండా వెల్డింగ్ పెడితే ఈసీయూ, అంటే ఇంజినును నడిపే కంప్యూటరు, కూడా పోవచ్చు. వంద గ్రాముల మీటరు కోసం ఇంత అవసరమా?

క్లాంపు వాడండి. చాలా బండ్లకు హ్యాండిల్ పైపు 22 మిల్లీమీటర్లు ఉంటుంది, ఆ సైజు క్లాంపులు బజారులో దొరుకుతాయి. ఫ్రేము పైపుకే పెట్టాలంటే ముందు వెర్నియర్‌తో కొలిచి కొనండి. పైపుకూ క్లాంపుకూ మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టండి, రంగు చెదరదు, క్లాంపు జారదు. స్టీరింగ్ దగ్గర గుద్దిన ఛాసిస్ నంబరు మాత్రం కప్పకండి.

అపోహ: ఎంత గట్టిగా బిగిస్తే మీటరు అంత నిలకడగా ఉంటుంది.

వాస్తవం: సింగిల్ సిలిండర్ ఇంజిను వణుకు అప్పుడు నేరుగా మీటరులోకే పోతుంది. లోపల వైర్లను అతికించిన టాంకాలు ఊడతాయి, ముల్లు మీటరైతే ముల్లు ఆగకుండా ఆడుతుంది. మీటరుకూ పట్టీకీ మధ్య రబ్బరు వాషరు, పైన నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి వణుకుకు వదులు కానిది) వేయండి. రబ్బరు కాస్త నొక్కుకుంటే చాలు, పిండైపోయేదాకా తిప్పొద్దు.

అపోహ: డబుల్ సైడ్ టేపు, ప్లాస్టిక్ టై చాలు.

వాస్తవం: మే నెలలో ఒంగోలులో ఒక మధ్యాహ్నం బండిని ఎండలో నిలిపి చూడండి.

అపోహ: హెడ్‌లైటు వైరు దగ్గరే ఉంది, దాన్నుంచి కరెంటు తీసుకుంటే సరి.

వాస్తవం: ఎక్సలేటర్ ఇస్తే లైటు వెలుగు పెరిగే పాత బండ్లలో ఆ వైరుకు వచ్చేది బ్యాటరీ కరెంటు కాదు, ఇంజినులో కరెంటు పుట్టించే మాగ్నెట్ నుంచి వచ్చే ఏసీ కరెంటు, అంటే దిశ మారుతూ ఉండేది. డిజిటల్ మీటరు దానికి కలిపితే అంకెలు గంతులేస్తాయి, లేదా మీటరే కాలిపోతుంది. తాళం తిప్పగానే కరెంటు వచ్చే వైరును టెస్ట్ ల్యాంపుతో వెతికి కలపండి. మధ్యలో ఒకటో రెండో ఆంపుల ఫ్యూజు తప్పదు.

అపోహ: ఇంత చిన్న మీటరు, నేరుగా బ్యాటరీకి కలిపినా ఏం తింటుంది?

వాస్తవం: లెక్క వేద్దాం. 20 మిల్లీ ఆంపులు తినే మీటరు 24 గంటలు వెలిగితే రోజుకు దాదాపు అర ఆంపియర్ అవరు. 5 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ పది రోజుల్లో ఖాళీ. పండక్కి ఊరెళ్ళి వచ్చి సెల్ఫ్ కొడితే టిక్‌మని ఊరుకుంటుంది.

అపోహ: మీటరు చూపే అంకె 12 కింద ఉంటే బ్యాటరీ పోయినట్టే.

వాస్తవం: ముందు అసలు బ్యాటరీ టెర్మినళ్ళ దగ్గర మల్టీమీటరుతో కొలిచి, రెండు అంకెలూ పోల్చండి. తాళం స్విచ్చు, కనెక్టర్లు దాటి వచ్చేసరికి కొంత వోల్టేజి తగ్గుతుంది. ఎర్త్ వైరును రంగు మీదే బిగించినా తప్పుడు అంకె వస్తుంది, అక్కడ రంగు గీకి కొంచెం వ్యాజిలీన్ రాయండి. ఇంజిను ఆపి కాసేపయ్యాక 12.6 వోల్టులు ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. ఇంజిను నడుస్తుండగా ఎక్సలేటర్ ఇస్తే 13.5 నుంచి 14.5 మధ్య చూపాలి. సెల్ఫ్ నొక్కిన క్షణంలో పదికో, పదకొండుకో పడిపోతే టెన్షన్ వద్దు, అది మామూలే. హైవే మీద 15 దాటితే మాత్రం చార్జింగ్‌ను అదుపులో ఉంచే రెక్టిఫైయర్‌ను మెకానిక్‌కు చూపించండి, లేకపోతే బ్యాటరీ ఉడికిపోతుంది.

అంతా అయ్యాక వైర్లకు టేపు చుట్టే ముందు హ్యాండిల్‌ను రెండు వైపులా లాక్ దాకా తిప్పండి. ఏ వైపైనా వైరు లాగుతున్నా, ఫోర్కు మధ్య నలుగుతున్నా విప్పి మళ్ళీ వేయండి. ఒకసారి నెల్లూరు దాకా వెళ్ళొచ్చాక క్లాంపు నట్టు మీద మరోసారి స్పానర్ పెట్టి చూడండి. కొత్త రబ్బరు కొంచెం అణిగి ఉంటుంది.