పులిరాజా గోడ మీదే ఉండిపోయాడు

2000ల తొలినాళ్లలో అనంతపురం బస్టాండు దగ్గర ఒక హోర్డింగ్ ఉండేది: ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ మా తమ్ముడు దాన్ని గట్టిగా చదివి, "నాయనా, పులిరాజా ఎవరు?" అని అడిగాడు. "బస్సొచ్చింది, ఎక్కు" అన్నాడు నాయన. బస్సు ఇంకా రాలేదు.

ఆ ఎయిడ్స్ ప్రచారాన్ని తప్పు పట్టను. రాష్ట్రమంతా ఆ పేరు మీద జోకులేసుకుంది, ఆ వంకతోనైనా ఎయిడ్స్ అనే మాట నోటికొచ్చింది. కాకపోతే అది రోడ్డు మీది మగవాడితో మాట్లాడింది. మన దేశంలో తొలి హెచ్ఐవీ కేసులు 1986లో మద్రాసులో, సెక్స్ వర్కర్లలో బయటపడ్డాయి. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) వచ్చాక కూడా చూపంతా వాళ్ల మీద, లారీ డ్రైవర్ల మీద, వలస కూలీల మీదే. మనవైపు చూస్తే హైదరాబాద్–బెంగళూరు హైవే కర్నూలు, అనంతపురం మీదుగానే పోతుంది. వానలు పడకపోతే అనంతపురం పల్లెలు బెంగళూరు దారి పడతాయి, కోసిగి, మంత్రాలయం జనం గుంటూరు మిరప కోతలకు పోతారు. ఎక్కడికి పోయినా తిరిగొచ్చేది ఇంటికే. భర్త నుంచి భార్యకు, ఆమె నుంచి బిడ్డకు సోకింది. ఇంటితో మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

ఇంట్లో ఈ ముచ్చటే లేదా అంటే, సగం ఉంది. ఆడపిల్ల పెద్దమనిషైతే ఊరంతా తెలుస్తుంది. మేనమామ పచ్చాకు తెచ్చి గుడిసె కడతాడు, అవ్వ నువ్వులూ బెల్లం కలిపి చిమ్మిలి దంచుతుంది. ఒంట్లో ఏం జరిగిందో తప్ప అన్నీ చెబుతారు: గట్టిగా నవ్వొద్దు, మగపిల్లలతో ఆడొద్దు. మగపిల్లాడికి ఆ చిమ్మిలి కూడా లేదు. ఆ తర్వాత అమ్మానాన్నలకు పట్టుకునే టెన్షన్‌కు దొరికే మందు పెళ్లి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది.

ఇంట్లో చెప్పనిది బడి చెబుతుందేమో అనుకుంటే, 2005లో మొదలైన కౌమార విద్యను, అంటే ఎదిగే వయసులో ఒంటి మార్పుల గురించీ హెచ్ఐవీ గురించీ చెప్పే పాఠాలను, 2007కల్లా మహారాష్ట్ర, గుజరాత్, కర్ణాటక లాంటి రాష్ట్రాలు వద్దన్నాయి. పిల్లలు చెడిపోతారన్నది వాదన. అలా చెడిపోరనీ, సరిగ్గా చెబితే తొందరపాటు తగ్గుతుందనీ ఉన్న అధ్యయనాలన్నీ చూసి యునెస్కో 2009లోనూ, 2018లోనూ రాసింది. కెన్యాలోనైతే ఏకంగా 9–12 ఏళ్ల పిల్లల తల్లిదండ్రులనే కూర్చోబెట్టి, ఈ మాటలు ఎలా ఎత్తుకోవాలో నేర్పారు.

2004 ఏప్రిల్ నుంచి హెచ్ఐవీని అదుపులో పెట్టే ఏఆర్‌టీ మందులు ఉచితం. పుట్టుకతో హెచ్ఐవీ ఉన్న పిల్లలు ఆ మాత్రలతో బతికి, పెరిగి పెద్దవాళ్లవుతున్నారు. అమ్మానాన్నలు పోతే అవ్వ దగ్గర పెరిగినవాళ్లూ ఉన్నారు. "ఇదేం మాత్ర అవ్వా?" అంటే "రక్తం పట్టడానికి" అంటుంది. ఆరేళ్లప్పుడు ఆ జవాబు సరిపోతుంది. పదిహేనేళ్లప్పుడు వాడు మాత్ర పేరు ఫోన్లో కొట్టి చూస్తాడు.

అలాగే ఫోన్లో ఏదో చూసి భయపడి, పరీక్ష చేయించుకుందామని ఇంకో కుర్రాడు సర్కారు ఆసుపత్రిలో హెచ్ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ జరిగే ఐసీటీసీ గది దాకా వస్తాడు. 18 నిండకపోతే పెద్దల సమ్మతి కావాలి. కౌన్సెలర్ వయసు అడిగి, "మీ అమ్మనో నాయననో తోడుకొని రా" అంటుంది.